పచ్చి రంగు మీద మెరుపు

కొత్త బండి కొన్నవాడితో ఎప్పుడూ పేచీ ఉండదు. చిక్కంతా కొన్నవాడి బామ్మర్దితోనే. ముప్పై ఒక్క ఏళ్లు బండ్లకు రంగులు కొట్టి రిటైరైన మనిషిగా ఈ ఒక్క మాట మాత్రం రాసిస్తాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కావాలంటే దీన్ని షెడ్డు గోడ మీద రాసుకోండి. అయితే నేను చెప్పబోయే సంగతిలో బామ్మర్ది తప్పు పావలా వంతే. మిగతా ముప్పావలా ఎవరిదో చెప్పడానికి కూర్చున్నాను. చెప్పకుండా ఎగ్గొడదామని చాలా కాలం చూశాను కూడా.

మాది కోదాడలో హైవే పక్కన బాడీలు కట్టే షెడ్డు. కంపెనీ నుంచి ఇంజను, చట్రం, ముందు క్యాబిన్ వస్తాయి. వెనక బాడీ మేం కట్టి, రంగు వేసి ఇస్తాం. ఎక్కువ భాగం మేళ్లచెరువు వైపు సిమెంటు మోసే లారీలే. రంగు విషయంలో లారీవాళ్లంత మంచివాళ్లు భూమ్మీద లేరు. వెనక తలుపు మీద పిల్లల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటే చాలు, మిగతాదేమీ పట్టదు. వారం తిరిగేసరికి సిమెంటు దుమ్ము ఎలాగూ కప్పేస్తుంది. డీజిల్ గుడ్డతో ఒళ్లంతా తుడిచి అదే మెరుపనుకుని మురిసిపోతారు. డీజిల్ రంగును తినేస్తుందిరా అని ముప్పై ఏళ్లు మొత్తుకున్నాను. "మెరుస్తాంది గద మేస్త్రీ" అనేవాళ్లు. ఇక ఏం చెప్తాం?

అలాంటి షెడ్డుకు ఒక ఏడు వానాకాలం మొదట్లో మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లు సారు ఒకాయన వచ్చాడు. ఆయన భార్యకు నడుముకు ఆపరేషన్ అయింది. కారులో గంట కూర్చుంటే ఇక లేవలేదు. ఆమెకేమో ఊళ్లు తిరిగి చూడాలని కోరిక. పెళ్లయిన దగ్గర్నుంచి ఇల్లు, మిల్లు తప్ప ఇంకేమీ చూడలేదట. అందుకని పడుకుని ప్రయాణం చేసే బండి కట్టించాలని వచ్చాడాయన. రెండు పడకలు, చిన్న వంటగట్టు, స్నానాలగది, కిటికీలకు పరదాలు. క్యారవాన్ అంటారు దాన్ని. మా షెడ్డులో ఇల్లుబండి అని పిలిచాం. నా వంతు బయటి రంగు. నిండా తెలుపు, దాని మీద నీలం చారలు రెండు.

నాకు చాలా సంతోషమైంది. దాచుకోవడం దేనికి, గర్వం కూడా వచ్చింది. ఇన్నాళ్లకు దుమ్ము కొట్టుకుపోని బండి ఒకటి నా చేతికి వచ్చింది కదా అనుకున్నాను.

రంగు నాది, మెరుగు పెట్టడం మాత్రం ఇంకొకరిది. ఆమె మేళ్లచెరువు నుంచి రోజూ బస్సులో వచ్చేది. అంతకుముందు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల దగ్గర పని. భర్త లారీ డ్రైవరు. అతని లారీకి మేం బాడీ కడుతున్నప్పుడు ఒకరోజు అతనికి అన్నం తెచ్చి, నేను క్యాబిన్ రుద్దుతుంటే నిలబడి చూసింది. "అన్నా, ఎంతసేపు రుద్దినా గుడ్డ మడత మార్చవేంది? మురికి దాంట్లనే ఉండె గద" అంది. అన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పని మాట. ఒళ్లు మండింది. ఆమె అటు వెళ్లగానే మడత మార్చాను. నెల తిరక్కుండా మా ఓనరుతో మాట్లాడి ఆమెను పనిలో పెట్టించాను.

భర్తకు ఇష్టం లేదు. షెడ్డు ఆడవాళ్లు పనిచేసే చోటు కాదని అతని పట్టు. పదిహేను రోజులు ఇంట్లో గొడవ నడిచిందట. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. షెడ్డు నుంచి ఆమె మీద ఒక్క మాట వచ్చినా ఆ రోజుతో పని బంద్, మళ్లీ సిమెంటు బస్తాలే. ఈ సంగతి ఆమే నాకు నవ్వుతూ చెప్పింది. "గా దుమ్ములకు నేను మల్ల పోలేనన్నా. నా మీద మాట రానీయకు" అంది. "నేనుండంగ నీ మీద మాట ఎవడంటడు చెల్లె?" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా చెవికి వినిపిస్తుంది, విన్నప్పుడల్లా నా మీద నాకే చిరాకు పుడుతుంది.

మూడేళ్లు ఆమె చేసిన పనికి వంక పెట్టినవాడు లేడు. పనిలో దిగేముందు గాజులు తీసి టిఫిన్ డబ్బా మూతలో పెట్టేది. భర్త పాత చొక్కా ఒకటి చీర మీద తొడుక్కునేది, చొక్కా గుండీలు రంగుకు గీసుకుంటాయని వాటిని కత్తిరించి తాళ్లు కుట్టుకుంది. కింద పడ్డ గుడ్డను ఉతకకుండా మళ్లీ ముట్టేది కాదు. అన్నిటికంటే వింత ఆమె ముక్కు. రంగు ఆరిందో లేదో నేను గోటితో నొక్కి చూస్తాను. ఆమె రేకుకు ముఖం ఆనించి వాసన చూసేది. నాకు ఆ సౌకర్యం లేదు. రంగును పలచన చేసే థిన్నర్ పీల్చి పీల్చి నా ముక్కు ఎప్పుడో చచ్చింది. ఇంట్లో పాలు మాడినా మా ఆవిడ వచ్చి స్టవ్ ఆపాల్సిందే.

ఇక్కడ ఒక్క పని ముచ్చట చెప్పక తప్పదు. కంపెనీలో రంగును పెద్ద పొయ్యి గదిలో కాల్చి ఆరబెడతారు. అలాంటి రంగు మీద మర్నాడే మెరుగుకు వ్యాక్స్ పెట్టుకున్నా ఏమీ కాదు. మేం షెడ్డులో కొట్టే రంగు గాలికి ఆరాలి. నాలుగు రోజుల్లో పైన గట్టిపడ్డట్టే ఉంటుంది కానీ లోపలి థిన్నర్ ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. నెల, నలభై రోజులు దాని జోలికి పోకూడదు. మంచినీళ్లతో కడుక్కోవచ్చు, అంతే. ఈలోపు వ్యాక్స్ పూస్తే వేడి అన్నం డబ్బాలో పెట్టి మూత బిగించినట్టే, లోపల చెమ్మపట్టి పాడవుతుంది. వానాకాలంలో అయితే ఇంకా ఆలస్యం. ఇల్లుబండికి ముందు క్యాబిన్ కంపెనీ రంగు, వెనక ఇల్లంతా నా రంగు. ఇది గుర్తుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

నేను రంగు కొట్టిన మూడో రోజు మిల్లు సారుతో పాటు బామ్మర్ది దిగాడు. సూర్యాపేటలో రెండు షాపులున్న మనిషి. చేతిలో ఫోను, ఫోనులో వీడియోలు. "బావా, గీడ సూడు" అంటూ ప్రతి అయిదు నిమిషాలకూ ఒక వీడియో. ఏ దేశంలోనో ఎవడో కారు మీద నీళ్లు పోస్తే నీళ్లు ముత్యాల్లా జారిపోతున్నాయి. "మేస్త్రీ, మన బండి మీద గిట్ల జారాలె." జారతాయి సారూ, నలభై రోజులు ఆగితే జారతాయి అన్నాను. పంతులు ఆ గురువారమే ముహూర్తం పెట్టాడనీ, అది దాటితే మూఢమనీ, నెలన్నర దాకా మంచిరోజు లేదనీ మిల్లు సారు చెప్పాడు. సరే, గురువారం బండి తీసుకుపోండి, పూజ చేసుకోండి, మూఢం దాటాక తెస్తే వ్యాక్స్ పెట్టిస్తాను అన్నాను. నేను చెప్పిన ఈ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. దాని మీద నిలబడి ఉంటే ఇప్పుడు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

"మెరుపు లేంది కొత్త బండి ఎట్లయితది?" అన్నాడు బామ్మర్ది. "చుట్టాలంత వస్తున్నరు. హైదరాబాద్‌ల రెండు రోజులల్ల చేసిస్తున్నరు. మీకు చాతగాదంటే చెప్పుండ్రి, గాడికే తీస్కపోతం."

మా ఓనరు నా వైపు చూశాడు. "నీ ఇష్టం మేస్త్రీ. రంగు సంగతి నీకు దెల్వంది నాకేం దెల్సు" అన్నాడు. ఒత్తిడి పెట్టినట్టూ లేదు, వదిలేసినట్టూ లేదు. ఓనర్లకు ఆ విద్య పుట్టుకతో వస్తుంది.

నాకు మాత్రం ఒక్క మాట కాలింది. చాతగాదంటాడా? నేను లారీలకు రంగులు కొడుతున్నప్పుడు ఇతను నిక్కర్లు వేసుకుని సూర్యాపేట గల్లీల్లో తిరుగుతుండి ఉంటాడు. ఫోను పట్టుకుని వచ్చి నాకు చెప్తాడా? "చాతగాకపోవుడేంది సారూ? బుధవారానికి మెరుగు పెట్టించి ఇస్త" అన్నాను. అన్న మరుక్షణమే తప్పు మాటని తెలిసింది. నోరు జారినాక ఏముంది, రోషం పనిచేసింది, బుద్ధి ఊరికే కూర్చుంది.

మంగళవారం పొద్దున ఆమె బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, వెనక తలుపు దగ్గర ముఖం ఆనించి, నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ముందటి క్యాబిన్‌కు పెడత. ఎన్కదానికి వద్దు. ఇంక పచ్చిగుంది. వాసన వస్తాంది."

"గోరు దిగుతలేదు. ఆరింది. పెట్టు" అన్నాను.

"పైన ఆరిందన్నా, లోపట ఆరలే. ఒక్కసారి వాసన సూడు." అని, వెంటనే గుర్తొచ్చి, "నీకు రాదు గద" అంది.

ఆమె ఎగతాళికి అనలేదు. కానీ పక్కన వెల్డింగు చేస్తున్న ఇద్దరు పకపకా నవ్వారు. నాకు తల తిరిగిపోయింది. "ముప్పై ఏండ్ల సంది రంగు కొడుతున్నా. మూడేండ్లు గుడ్డ తిప్పినదానివి నువ్వు నాకు నేర్పుతవా? చెప్పింది చెయ్యి" అని షెడ్డంతా వినపడేలా అరిచాను.

ఆమె బండి దగ్గరికి వెళ్లింది. గాజులు తీసి మూతలో పెట్టింది. పలచగా వ్యాక్స్ రాసింది, ఆరనిచ్చింది, మడతలు మార్చి మార్చి తుడిచింది. చెడ్డ పనిని కూడా అంత మంచిగా చేసింది. బుధవారం సాయంత్రానికి ఇల్లుబండిలో మా ముఖాలు కనిపించాయి. బామ్మర్ది ఆ మెరుపులో తన మీసం చూసుకుని ఫొటో తీసుకున్నాడు.

గురువారం మిర్యాలగూడలో మిల్లు ఆవరణలోనే పూజ. ఓనరూ నేనూ వెళ్లాం. కొత్త బండికి పూజ చెయ్యొద్దని ఎవరంటారు? నేనూ దండం పెట్టుకున్నాను. కానీ ఒక్కో పెద్దమ్మ పసుపు నీళ్ల గిన్నెలో అరచెయ్యి ముంచి బండి ఒంటినిండా అద్దుతుంటే నా ప్రాణం విలవిలలాడింది. నూనెలో కలిపిన కుంకుమతో పళ్లెం అంత స్వస్తికాలు గీశారు. "చిటికెన వేలుతో చిన్న బొట్టు చాలమ్మా" అన్నాను. "బొట్టు నిండుగ ఉంటెనే దిష్టి తగల్దు, నువ్వు ఊకో" అంది ఒక పెద్దమ్మ. కొబ్బరినీళ్లు చల్లారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. బండి లోపలి పడక మీద మిల్లు సారు భార్య పడుకుని కిటికీలోంచి అంతా చూస్తూ ఉంది. ఆమె ముఖం చూశాక నాకు కాస్త కోపం తగ్గింది. అంత సంబరంగా ఉందామె.

ఆ పసుపు కుంకుమలు మూడు రోజుల దాకా తుడవకూడదట. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బండిని నీడ కోసమని మిల్లు పొగగొట్టం పక్కనే పెట్టించారు. మిర్యాలగూడ మిల్లుల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఊక కాలిన బూడిద ఇరవై నాలుగు గంటలూ రాలుతూనే ఉంటుంది. చేతికి మెత్తగా ఉంటుంది కానీ రంగుకు అది గరుకు కాగితమే. వాచ్‌మన్ భక్తిగా పసుపు కుంకుమలను తప్పించి పొద్దునా సాయంత్రమూ పొడి తువ్వాలుతో బండిని తుడిచాడు. నీళ్లు పోసి కడుగు నాయనా అని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. ఆలోచిస్తే నేను కూడా చెప్పలేదు.

పదో రోజు ఫోను వచ్చింది. మిల్లు సారే చేశాడు. "మేస్త్రీ, బండిని సూస్తె కడుపు కాలుతాంది. జల్దీ రాండ్రి."

ఓనరు, నేను, మెరుగు పెట్టినామె ముగ్గురం ఓనరు కారులో బయల్దేరాం. మరకలు పోతాయేమో చూద్దామని ఆమె గుడ్డలూ సీసాలూ పట్టుకుంది. వెళ్లి చూశాం. తెల్లటి బాడీ మీద పసుపు అరచేతులు అచ్చుపడి ఉన్నాయి, కుంకుమ గులాబీ రంగుకు దిగి లోపలికి ఇంకింది. నీలం చారల మీద మధ్యమధ్య కళ్లలో పొర కమ్మినట్టు తెల్లమబ్బులు. ఎండకు వంగి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరికి సన్నటి గీతలు.

ఆమె తడిగుడ్డతో ముందు క్యాబిన్ మీది కుంకుమ తుడిచింది. ఒక్క తుడుపుకు పోయింది. అదే వ్యాక్స్, అదే కుంకుమ, అవే పది రోజులు. తర్వాత వెనక బాడీ మీద తుడిచింది. సబ్బునీళ్లతో తుడిచింది. రుద్దింది. కదల్లేదు. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. క్యాబిన్ శుభ్రంగా ఉందంటే వ్యాక్స్‌లో తప్పు లేదు. పచ్చి రంగు మీద పెట్టడమే తప్పు. అక్కడ ఉన్న పదిమందిలో ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే.

"ఏం వ్యాక్స్ పెట్టిండ్రో ఏమో! సూడు బావా, ఈ వీడియోల ఉంది, కచరా వ్యాక్స్ పెడితె గిట్లనే అయితదంట" అన్నాడు బామ్మర్ది. పూజ సంగతి, బూడిద సంగతి, వాచ్‌మన్ తువ్వాలు సంగతి ఏ వీడియోలోనూ లేదు మరి.

మిల్లు సారు నన్నే అడిగాడు. "వ్యాక్స్ పెట్టిందెవరు మేస్త్రీ?"

నేను ఆమె వైపు చెయ్యి చూపించి, "గామెనే" అన్నాను.

ఒక్క మాట. అబద్ధం కూడా కాదు. ఆ తర్వాత చాలా రోజులు దాన్నే పట్టుకుని వేలాడాను. నేనేం అబద్ధం ఆడాను? ఆమె పెట్టింది, ఆమె పెట్టిందన్నాను. ఇలాంటి నిజాలు చెప్పేవాడికంటే అబద్ధాలకోరు నయం, వాడికి తను చేసేదేంటో తెలుసు.

వరండాలో కుర్చీలో దిండ్లు పెట్టుకుని కూర్చున్న మిల్లు సారు భార్య మెల్లగా అడిగింది. "ఎవరు పెట్టమంటె పెట్టింది?"

ఆవరణలో అందరూ ఇంతసేపు ఏదో ఒకటి అరుస్తూనే ఉన్నారు. అడగాల్సిన ప్రశ్న అడిగింది నడుము నిలవని ఆ మనిషి ఒక్కతే. జవాబు నా నోట్లోనే ఉంది. ‘నేను నోరు తెరిచేలోపు’ అని రాయాలని ఉంది. కానీ నేను తెరవలేదు. బామ్మర్ది అందుకున్నాడు. "ఎవరు పెట్టమంటేంది అక్కా, పెట్టేటోల్లకు సోయి ఉండాలె గద!"

గిరాకీని చల్లబరచడానికి మా ఓనరు గొంతు పెంచాడు. "రేపటి సంది నువ్వు షెడ్డుకు రాకమ్మా. సారూ, నేను మల్ల మొత్తం రంగు కొట్టిస్త. మీరు పరేషాన్ గాకుండ్రి."

ఆమె నా వైపు తిరిగి నిలబడింది. ఎదురుచూసింది. నేను ముందు టైరు చూస్తున్నాను. అందులో ఏముంది? కొత్త టైరు. దాన్ని అంత శ్రద్ధగా ఎందుకు చూశానో అడిగితే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తిరిగి ఓనరు కారులోనే బయల్దేరాం. గరిడేపల్లి దాటాక వాన మొదలైంది. హుజూర్‌నగర్‌లో మేళ్లచెరువు బస్సు కోసం ఆమె దిగింది. గుడ్డల సంచి సీటు మీదే వదిలింది. తలుపు వేస్తూ, "తెల్లయి ఉతికినవే అన్నా. మురికియి ఏరే కవర్ల ఉన్నయి, కలపకు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి తిట్టేవాణ్ని, మనసు కాస్త తేలికపడేది.

నాలుగు రోజులు నన్ను నేను సముదాయించుకున్నాను. అయిదో రోజు ఉండబట్టలేక ఓనరు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన టీ తాగుతూనే విన్నాడు. "దెల్సు మేస్త్రీ" అన్నాడు. "వెల్డింగోల్లు ఆ దినమే చెప్పిండ్రు. అయితే ఏంజేస్త? నువ్వు పోతె రంగు కొట్టేటోడు లేడు. లారీలకు పాలిష్ లేకున్నా నడుస్తది." ఇంతకంటే తేటగా నా విలువా, ఆమె విలువా ఎవరూ లెక్కగట్టి చెప్పలేదు. నేను అక్కడే రాజీనామా చేశానని చెబితే మీకు బాగుంటుంది. చెయ్యలేదు. బయటికొచ్చి గరుకు కాగితం తీసుకున్నాను.

ఇల్లుబండి మళ్లీ షెడ్డుకు వచ్చింది. వెనక బాడీ మొత్తం రేకు కనపడేదాకా నేనే రుద్దాను. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మళ్లీ రంగు కొట్టాను. ఈసారి బామ్మర్ది వస్తే గేటు దగ్గరే ఆపి, నలభై రోజుల దాకా రావద్దన్నాను. అతను ఫోను తీయబోతే, "ఆ ఫోను ఆరినంత తొందరగ రంగు ఆరదు సారూ" అన్నాను. ఈ లోపల మూఢం వచ్చింది, వెళ్లింది. మొదటే ఊరుకుని ఉంటే సరిగ్గా ఇదే సమయానికి ఇదే పని ఇంతకంటే తేలికగా అయ్యేది. ఈ మాట తలుచుకుంటే గోడకు తల కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ నలభై రోజుల్లోనే మేళ్లచెరువు లారీవాళ్ల ద్వారా తెలిసింది, ఆమె మళ్లీ సిమెంటు బస్తాల దగ్గర చేరిందని. దారి పొడుగునా టీకొట్లలో పెద్దోళ్ల బండి ఖరాబు చేసింది అని చెప్పుకుంటున్నారట. షెడ్డు నుంచి ఒక్క మాట వస్తే చాలన్నాడు కదా ఆ భర్త. పోయింది ఒక్క మాట కాదు.

బండి రెండోసారి అప్పగించేటప్పుడు మిల్లు సారుకు నిజం చెప్పాను. వ్యాక్స్ పెట్టమన్నది నేను, వద్దన్నది ఆమె అని. కడుపులో రెండు నెలలుగా మోసినదాన్ని బయటపెట్టాను. ఆయన, "అట్లనా? సరే, ఈసారన్న మంచిగున్నదా మరి?" అని బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అంతే. నాకు నిద్ర లేకుండా చేసింది ఆయనకు నిమిషం కూడా పట్టలేదు. ఆయన భార్య మాత్రం కిటికీలోంచి పిలిచింది. "మరి ఆ పిల్లను మల్ల పనిలకు తీస్కున్నరా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె పరదా వేసేసుకుంది.

ఆ ఆదివారం నేను మేళ్లచెరువు వెళ్లాను. ముందే చెప్పేస్తున్నాను, ఆమె మళ్లీ మా షెడ్డుకు రాలేదు. నేను రిటైరయ్యేదాకా మెరుగు పని కూడా నేనే చేసుకున్నాను, ఆమె చేసినంత బాగా ఎన్నడూ చెయ్యలేదు.

వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. భర్త ఇంకా తెల్ల చొక్కా విప్పలేదు. నన్ను చూసి కుర్చీ వేశాడు. "ఏంది మేస్త్రీ, ఇంత దూరం వచ్చినవ్?" అంటూ మర్యాద చేశాడు. ఆమె గడప లోపల కూర్చుని చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. వేళ్ల సందుల్లో, కనుబొమల్లో బూడిద రంగు సిమెంటు. ప్రార్థనకు తలస్నానం చేసి వెళ్లినా వదలని సిమెంటు.

నేను మాటలు కూడబలుక్కుని వెళ్లాను. అవేవీ రాలేదు. "నీ భార్య తప్పేం లేదు" అన్నాను. "వ్యాక్స్ పెట్టమని ఒత్తిడి చేసింది నేను. పచ్చిగుంది వద్దని ఆమె చెప్పింది, అందరి ముందట నేనే తిట్టిన. మిర్యాలగూడల అడిగితే ఆమె దిక్కు చెయ్యి చూపిచ్చిన. నోరు మూస్కోని నిలబడ్డ. తప్పు నాది."

కోప్పడతాడనుకున్నాను. కొట్టినా పడాలనే వెళ్లాను.

"ఆమె ఆ దినమే చెప్పింది మేస్త్రీ" అన్నాడు. "అచ్చం ఇట్లనే చెప్పింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేనే నమ్మలే."

"ఎందుకు నమ్మలే?"

"నా బండికి రంగేసినోడివి. ముప్పై ఏండ్లల్ల నీ మీద ఒక్క చెడ్డ మాట ఇనలే. గసుంటి మనిషి తన తప్పు ఒక ఆడమనిషి మీదికి దొబ్బి ఊకుంటడా అనుకున్న. మేస్త్రీ మీద అబద్ధాలు చెప్తున్నవని దాన్నే తిట్టిన. పని మానిపిచ్చిన."

ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్నానని చెప్పుకునే నా మంచిపేరు ఆ ఇంట్లో చేసిన పని అది. అతను గడప వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, "ఇన్నవా? మేస్త్రీ ఏం చెప్తుండో ఇన్నవా?" అన్నాడు.

ఆమె చేటలోంచి ఒక రాయి తీసి గడప బయటికి వేసింది.

"నేను చెప్పిందే గద" అంది. "నాకు కొత్తగ ఇనేదేముంది?"